నాలుగో ముల్లు పీకి నేను చేసిన తప్పు

హన్మకొండ చౌరస్తా దగ్గరున్న మా వాచీల షాపుకు వచ్చే అందరికీ ఒక విషయం చెప్పాలి. ఈమధ్య జీఎంటీ వాచీలు బాగా వస్తున్నాయి. అంటే, మామూలు మూడు ముళ్లకు తోడు, ఇంకో దేశం టైం కోసం 24 గంటలకు ఒక్కసారి తిరిగే నాలుగో ముల్లు ఉన్నవి. అమెరికాలో ఉన్న కొడుకో బిడ్డో కొనిచ్చినవే ఎక్కువ.

పోయిన ఎండాకాలం ఒక రిటైర్డ్ సార్ అలాంటిదే తెచ్చారు. ఖరీదు లక్షల్లో. "ఇక్కడ రాత్రి తొమ్మిదైతే డల్లాస్‌లో పొద్దున పదిన్నర. ఇదేమో పది మీదన్నా ఉంటది, పదకొండు మీదన్నా ఉంటది, నడిమిట్ల ఆగదు" అన్నారు. ముల్లు సరిగా కూర్చోలేదని తేల్చేశాను. వెనక మూత తీసి, మెషిన్ బయటికి తెచ్చి, ముల్లు లేపి అరగంట ముందుకు, అంటే ఏడున్నర డిగ్రీలు, జరిపి నొక్కాను. సార్ ఖుషీ. నేను మజూరీ తీసుకున్నాను.

అసలు ఆ వాచీకి ఏ జబ్బూ లేదు. మనం సెట్ చేసేటప్పుడు నాలుగో ముల్లు గంట చొప్పునే దూకుతుంది, అరగంట దగ్గర నిలవదు, నిమిషాల ముల్లేమో రెండు టైంలకూ ఒక్కటే. ప్రపంచ టైంలన్నిటికీ లెక్క మొదలయ్యే లండన్ దగ్గరి గ్రీనిచ్ కన్నా మన దేశం ఐదున్నర గంటలు ముందు, డల్లాస్ తేడా మాత్రం నిండు గంటల్లోనే. తంటా అంతా ఆ అరగంటతోనే.

సార్ డల్లాస్ వెళ్లి, అక్కడి టైం పెట్టుకుని, నాలుగో ముల్లుతో లండన్ టైం చూడబోయారు. ఆ రెండు ఊళ్లకూ తేడా నిండుగా ఆరు గంటలు. వాచీ మాత్రం అరగంట తప్పు చూపించింది. అది నేను పెట్టిన అరగంట! పైగా చేతులు కడిగినప్పుడల్లా అద్దం లోపల ఆవిరి. మూత కింద నీళ్లు ఆపే రబ్బరు రింగు పాతదే మళ్లీ వేశాను మరి. నీళ్లు దిగుతాయో లేదో చూసే ప్రెషర్ మెషిన్ నా దగ్గర లేదు. అది లేనప్పుడు అంత ఖరీదైన వాచీ మూత ముట్టకూడదు, ముట్టాను.

ఇలా ముల్లు జరిపినవి రిజిస్టర్‌లో ఇంకో రెండున్నాయి. ఇద్దరికీ ఫోన్ చేశాను. ముల్లు అసలు చోటికి తెచ్చి, హైదరాబాద్‌లో కొత్త రింగు వేయించి, ప్రెషర్ టెస్ట్ చేయించి ఇస్తాను. ఖర్చు నాదే, అప్పటి మజూరీ కూడా వాపస్.

మీ వాచీ మీద అనుమానముంటే షాపుకు వచ్చేముందు ఇంట్లోనే చూడండి. నాలుగో ముల్లును మన టైంకే పెట్టి రాత్రి పన్నెండు దాకా ఆగండి. డయల్‌లో పై అంచున, పన్నెండు చోట, 24 ఉన్న వాచీల్లో గంటల ముల్లు, నిమిషాల ముల్లు, నాలుగోది మూడూ నిలువుగా పైకి చూస్తే లోపం లేనట్టే. నిద్ర పట్టట్లేదని ఆ వేళ తారీఖు మాత్రం మార్చకండి. రాత్రి తొమ్మిది నుంచి మూడు దాకా చాలా వాచీల్లో తారీఖు పళ్లచక్రం పట్టులో ఉంటుంది, పన్ను విరుగుతుంది.

సార్ వాచీ పోయిన వారమే తిరిగిచ్చాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి ముల్లు పది మీదే ఉంటుంది, అరగంట ఆయనే కలుపుకుంటున్నారు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక తొమ్మిది మీదికి దించుకోమని చీటీ రాసి డబ్బాలో పెట్టాను.