మంత్రి గారూ, ఏఆర్‌టీ సెంటర్లలో మలద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ పెట్టించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండీ. విజయవాడలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి తోడుగా ఏఆర్‌టీ సెంటర్‌కి, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోటికి, వెళ్ళొస్తుంటాను. మన రాష్ట్రంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి స్క్రీనింగ్ చేయిస్తున్నారు, సంతోషం. మలద్వార క్యాన్సర్ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరసే, అందులోనూ 16వ రకం, దీనికీ ప్రధాన కారణం. మామూలు జనంలో అరుదే, కానీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళలో, ట్రాన్స్ మహిళల్లో ముప్పు చాలా ఎక్కువ. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకీ ఉంది.

2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది కాబట్టే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఇవాళ నలభైలు, యాభైలు దాటి పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నారు. టీబీ నుంచి బయటపడేసిన మనిషిని దీనికి వదిలేస్తామా అండీ?

నాకు తెలిసిన ఒకాయన రక్తం పడుతోందని ఒక క్లినిక్‌కి వెళ్తే, కనీసం గ్లవ్ వేసుకుని చూడకుండానే మొలలని చెప్పి ట్యూబు రాసిచ్చారు. నెలల తరబడి అదే రాసుకున్నాడు. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాడు, అడిగితే నడుం నొప్పి అనేవాడు. గడ్డ అని తేలేసరికి గజ్జల్లో బిళ్ళలు కట్టాయి.

ముందే పట్టుకుంటే ఆపొచ్చని రుజువైంది. అమెరికాలో హెచ్‌ఐవీ ఉండి 35 ఏళ్ళు దాటిన 4,400 మందికి పైగా చేసిన యాంకర్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి: క్యాన్సర్‌కి ముందు దశలో ఉన్న మచ్చల్ని తీసేస్తే క్యాన్సర్‌గా మారడం 57 శాతం తగ్గింది. అయితే ఆ మచ్చల్ని వెతకాలంటే హై రిజల్యూషన్ అనోస్కోపీ, అంటే మలద్వారం లోపల పెద్దదిగా చూపించే పరికరంతో చేసే పరీక్ష, కావాలి, అది చేయగలిగిన డాక్టర్లు ప్రపంచంలోనే కొద్దిమంది. ఉత్త హెచ్‌పీవీ పరీక్ష చేస్తే ఈ వర్గంలో ఎక్కువమందికి పాజిటివే వస్తుంది, అందర్నీ అనోస్కోపీకి పంపితే క్యూ ఎప్పటికీ తరగదు, ఈలోపు వాళ్ళ టెన్షన్ చెప్పనక్కర్లేదు. బయోమార్కర్ల, అంటే ముప్పు ఎంతో చెప్పే శరీరంలోని గుర్తుల, అవసరం ఇక్కడే. మలద్వారం నుంచి స్వాబ్ తీసి హెచ్‌పీవీ 16వ రకం ఉందా అని విడిగా చూడొచ్చు, పీ16, కేఐ-67 అనే రెండు ప్రోటీన్లకి రంగు వేసి చూడొచ్చు. ఇంకోటి డీఎన్‌ఏ మిథైలేషన్: ఏఎస్‌సీఎల్1, జెడ్‌ఎన్‌ఎఫ్582 లాంటి జన్యువుల మీద పడే రసాయన గుర్తులు మచ్చ క్యాన్సర్‌కి దగ్గరయ్యేకొద్దీ పెరుగుతాయి, కాబట్టి ఎవర్ని వెంటనే పంపాలో, ఎవరు ఆగొచ్చో తేల్చడానికి నాకు దీని మీదే ఆశ. ఇది ఇంకా పరిశోధన దశలోదే, మనవాళ్ళలో ఎలా పనిచేస్తుందో మనమే చూసుకోవాలి.

గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఏఆర్‌టీ సెంటరూ ఉంది, నాట్కో క్యాన్సర్ సెంటరూ ఉంది. పైలట్ అక్కడే మొదలుపెట్టించండి. ముందు ఇద్దరు ముగ్గురు సర్జన్లకి అనోస్కోపీ శిక్షణ ఇప్పించాకే స్వాబ్‌లు తీయించండి, పాజిటివ్ అని చెప్పి చికిత్స లేదంటే అంతకన్నా అన్యాయం లేదు. వేలితో చేసే పరీక్షకి మాత్రం గ్లవ్, జెల్లీ చాలు, దానికి పైలట్ దాకా ఆగక్కర్లేదు, అన్ని ఏఆర్‌టీ సెంటర్లకీ ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వొచ్చు. పరీక్ష గదికి తలుపు, తెర ఉండాలి. ఎవరితో సంబంధం అని నలుగురిలో గట్టిగా అడిగితే మళ్ళీ రారు అండీ, మందులకి కూడా రారు.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక వాలంటీర్