కిరాయి ముందు, వసూలు వెనుక: చిన్న ఫార్వర్డింగ్ సంస్థల ఇబ్బంది

సంపాదక మహాశయులకు నమస్కారం.

కొత్తవాడ దర్రీలకు 2018లోను, చపాటా మిర్చికి 2025లోను భౌగోళిక గుర్తింపు లభించడంతో వరంగల్ సరుకును విదేశాలకు పంపడం గురించి తరచుగా చర్చ జరుగుతోంది. ఆ సరుకును ఇక్కడి గోదాము నుంచి పరాయి దేశపు రేవు దాకా చేర్చే చిన్న ఫ్రైట్ ఫార్వర్డింగ్ సంస్థల ప్రస్తావన మాత్రం అందులో కనిపించదు. హనుమకొండలో అలాంటి ఒక సంస్థలో భాగస్వామిగా, మా ఎదుగుదలకు అడ్డుపడుతున్న నిర్వహణ మూలధనం (రోజువారీ వ్యాపారం నడపడానికి కావలసిన డబ్బు) సమస్యను బ్యాంకర్ల, ఎగుమతిదారుల దృష్టికి తేదలిచాను.

మాకు ఓడలు లేవు, లారీలూ లేవు. కంటైనర్ బుక్ చేయడం, ఒక్కరి సరుకుతో అది నిండనప్పుడు నలుగురి సరుకునూ కలిపి పంపడం, షిప్పింగ్ బిల్లు మొదలైన పత్రాలు సిద్ధం చేయించడం మా పని. తెలంగాణకు సముద్రతీరం లేదు కనుక సరుకు చెన్నైకో, విశాఖకో, ముంబై దగ్గరి నవా షెవాకో చేరాలి. అందువల్ల ఈ పనికి గిరాకీ ఉంది.

చిక్కంతా చెల్లింపుల దగ్గర వస్తోంది. ఓడ కిరాయి కడితేనే షిప్పింగ్ లైన్, అంటే ఓడల కంపెనీ, సరుకు ఓడకెక్కిందని తెలిపే బిల్ ఆఫ్ లేడింగ్ అనే పత్రం ఇస్తుంది. అది లేనిదే ఎగుమతిదారు తన బ్యాంకులో పత్రాలు సమర్పించలేరు. అందుకని ఆ కిరాయిని ముందు మేమే కడతాం. ఎగుమతి కిరాయిపై ఉన్న జీఎస్టీ మినహాయింపు 2022 సెప్టెంబరు 30తో ముగిసినందున ఆ పన్ను సొమ్మునూ మేమే సమకూర్చుకోవాలి. ఎగుమతిదారు మాకు ఇచ్చేది విదేశీ కొనుగోలుదారు నుంచి తనకు డబ్బు అందాకే. కాబట్టి పది కంటైనర్లు పంపే సంస్థ ఇరవై పంపడం మొదలుపెడితే బయట చిక్కుకునే సొమ్మూ రెట్టింపవుతుంది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో నౌకలపై దాడులు మొదలై, ఐరోపా వెళ్లే ఓడలు ఆఫ్రికాను చుట్టి వెళ్లవలసి వచ్చినప్పుడు కిరాయిలు బాగా పెరిగి, కొత్త ఖాతాదారు ఒక్కరూ చేరకుండానే మాకు కావలసిన పెట్టుబడి పెరిగిపోయింది.

అప్పుడు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే అవసరమైనప్పుడు వాడుకునే బ్యాంకు రుణ పరిమితి, పెంచమని అడిగితే, ఒక బ్యాంకు ఇల్లో స్థలమో తాకట్టు పెట్టమంది. మాకున్న ఆస్తి రావలసిన బిల్లులే. తాకట్టు లేని రుణాలకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ ట్రస్టు 2000లోనే ఏర్పడింది, సేవా సంస్థలకూ దాని హామీ వర్తిస్తుంది. బ్రాంచి అధికారులు దాన్ని వాడడానికి ఎందుకు వెనుకాడుతున్నారో జిల్లా బ్యాంకర్ల సమావేశంలో సమీక్షించాలని, జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకును కోరుతున్నాను.

ఎగుమతిదారులకూ ఒక విన్నపం. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు మించకూడదు. గడువు దాటిన బకాయిని వాస్తవంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపాలని 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మేం గట్టిగా అడగలేకపోతున్నాం. అడిగితే తర్వాతి కన్‌సైన్‌మెంట్ హైదరాబాద్‌లోని పెద్ద సంస్థకు వెళ్లిపోతుందన్న భయం ఉంది. మా సేవా రుసుముకు ఆ 45 రోజులూ తీసుకున్నా అభ్యంతరం లేదు, ఓడ కిరాయిని మాత్రం ఓడ బయలుదేరిన వారంలోగా చెల్లించే ఏర్పాటుకు వారు ముందుకు రావాలి.

ఇట్లు,
ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ సంస్థ భాగస్వామి,
హనుమకొండ