‘గిలగిలా కొట్టుకుంటూ’ అని రాసే ముందు

సంపాదకులు గారికి,

చెన్నై వార్తల్లో ఎవరికి ఏ బాధ వచ్చినా ‘గిలగిలా కొట్టుకుంటూ’ అనే రాస్తున్నారు. కిడ్నీ రాయి నొప్పికీ అదే, మూర్ఛకీ (ఫిట్స్‌కీ) అదే. శైలి గొడవే అయితే ఊరుకోవచ్చు. కానీ చదివినవాళ్లు 108కి ఫోన్ చేసినప్పుడూ ఆ మాటే వాడతారు.

మెలికలు తిరగడం స్పృహలో ఉన్న మనిషి నొప్పికి చేసే పని. మూత్రనాళంలో రాయి అడ్డుపడితే నడుము పక్క నుంచి గజ్జల దాకా నొప్పి పాకుతుంది. కూర్చోలేరు, పడుకోలేరు, పిలిస్తే మాత్రం పలుకుతారు. పేగుకు చిల్లు పడినవారు ఇందుకు పూర్తిగా విరుద్ధం. కదిలితే నొప్పి పెరుగుతుంది కాబట్టి బిగుసుకుని పడుకుంటారు. ‘మెలికలేం తిరగట్లేదుగా, తెల్లారాక చూద్దాం’ అనే ధీమా అక్కడే కొంప ముంచుతుంది.

మూర్ఛలో ముందు ఒళ్లంతా కొయ్యబారుతుంది, తర్వాత కాళ్లూ చేతులూ లయగా కొట్టుకుంటాయి. పిలిచినా పలకరు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. చేతిలో తాళాలగుత్తి పెడితే మూర్ఛ తగ్గుతుందంటారే, దాని మహిమ అంతా ఇందులోనే ఉంది: అది వెతికి తెచ్చి చేతిలో పెట్టేసరికి ఎలాగూ ఆగే వేళవుతుంది. గడియారం చూడండి. గట్టి వస్తువులు దూరంగా జరిపి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. ఒడిసి పట్టుకోవద్దు. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుదుపులు ఆగగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా, జీవితంలో మొదటిసారైనా, గర్భిణికైనా వెంటనే అంబులెన్సు పిలవాలి.

ఎండలో చెమటోడ్చి పనిచేసినవారి పిక్కలు పట్టేసి కొంకర్లు పోవడం వేరే సంగతి. నీడకు చేర్చి, లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించాలి.

అందరూ పొరబడేది ఇంకొకటుంది. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇచ్చాక కొందరికి, ముఖ్యంగా పిల్లలకూ యువతకూ, మెడ ఒక పక్కకు మెలిపడి కనుగుడ్లు పైకి పోతాయి. తెలివి చెక్కుచెదరదు. అయినా ఫిట్స్ అంటారు, ఇంకొందరైతే గాలి సోకిందంటారు. ఆస్పత్రిలో విరుగుడు ఇంజెక్షన్ చేస్తే సాధారణంగా నిమిషాల్లో సర్దుకుంటుంది. అందుకే మందు చీటీ వెంట తీసుకెళ్లాలి.

ఇక్కడి తెలుగువారికి మరో చిక్కుంది. తమిళంలో ‘వలి’ నొప్పి, ‘వలిప్పు’ మూర్ఛ. కంగారులో ఒకటి అనబోయి ఇంకొకటి అంటాం. ‘తుడిక్కిరార్’ (గిలగిలా కొట్టుకుంటున్నారు) అన్నా నొప్పితో అల్లాడుతున్నారనే అనుకోవచ్చు. పేరు పెట్టడం మానేసి చూసింది చెప్పడం మేలు: పిలిస్తే పలుకుతున్నారా, లయగా కొట్టుకుంటున్నారా, మెలికలు తిరుగుతున్నారా, మొదలై ఎన్ని నిమిషాలైంది.

మీ విలేకరులు కూడా పక్కనున్నవారిని ఈ నాలుగూ అడిగి రాస్తే బాగుంటుంది.

— అత్యవసర విభాగం నర్సు, కొరుక్కుపేట, చెన్నై