ముందు తేదీ, తర్వాతే మోడల్

అమ్మలూ,

నువ్వు కొనాలనుకుంటున్న రెండు సీ హారియర్ (నౌక మీంచి ఎగిరే బ్రిటిష్ యుద్ధవిమానం) మోడళ్ల ఫోటోలు చూశాను. రెండూ 1:72 స్కేలువే (అసలు విమానంలో 72వ వంతు), రెండు పెట్టెల మీదా ‘ఫాక్‌లాండ్స్ 1982’ అనే ఉంది. కానీ రెండోదాని రెక్కల కింద నాలుగు సైడ్‌వైండర్ మిసైళ్లున్నాయి. ఫాక్‌లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా చేసిన ఆ యుద్ధం ఏప్రిల్ 2న మొదలై జూన్ 14న ముగిసింది. ఆ రోజుల్లో సీ హారియర్ రెక్కల కింది బయటి పైలాన్లకు (ఆయుధాలు తగిలించే కొక్కేలకు) ఒక్కొక్కటి చొప్పున రెండే మిసైళ్లు మోసేది. పైలాన్‌కు రెండేసి మిసైళ్లు తగిలించే జంట పట్టాలు యుద్ధం ముగిశాక, ఇల్లస్ట్రియస్ నౌక మీద వెళ్లిన విమానాలకు బిగించారు. 190 గ్యాలన్ల పొడుగాటి డ్రాప్ ట్యాంకులు (అదనపు ఇంధనం ట్యాంకులు) కూడా అప్పుడు వచ్చినవే. యుద్ధంలో వాడినవి 100 గ్యాలన్లవి. కాబట్టి ఆ రెండో మోడల్ చెడ్డదేం కాదు గానీ, పెట్టె మీద రాసిన రోజులకు చెందదు.

మోడల్ కొనేముందు ఏ నౌక, ఏ వారం అన్నది తేల్చుకో. రంగూ ఆయుధాలూ ఆ రెండింటిని బట్టే ఉంటాయి. యుద్ధానికి ముందు సీ హారియర్ పైన ముదురు సముద్రపు బూడిద రంగు, కింద తెలుపు. తోక మీద స్క్వాడ్రన్ (విమాన దళం) చిహ్నం, దేశపు గుర్తుగా వేసే వలయంలో ఎరుపు, తెలుపు, నీలం మూడూ ఉండేవి. ఏప్రిల్ 5న బ్రిటిష్ నౌకాదళం బయల్దేరాక దారిలోనే తెల్లటి భాగమంతా ముదురు బూడిదతో కప్పేశారు, చిహ్నాలు చెరిపేశారు, వలయంలో తెలుపు తీసి ఎరుపు, నీలం మిగిల్చారు. విమానవాహక నౌకలు రెండింటిలో హెర్మీస్ మీద ఈ పని కుంచెలతో జరిగింది, ఇన్విన్సిబుల్ మీద స్ప్రేతో. అందుకే హెర్మీస్ విమానం మోడల్ మరీ నున్నగా, మెరుస్తూ ఉంటే నాకు నచ్చదు. తర్వాత వచ్చిన 809 స్క్వాడ్రన్ విమానాలు ఎనిమిది. వాటికి లేత బూడిద రంగు వేశారు. అట్లాంటిక్ కన్వేయర్ నౌక మీద తెచ్చి, మే మూడో వారంలో హెర్మీస్‌కు నాలుగు, ఇన్విన్సిబుల్‌కు నాలుగు పంచారు. మే 25న అర్జెంటీనా ఎక్సోసెట్ మిసైల్ అట్లాంటిక్ కన్వేయర్‌ను కొట్టేనాటికి హారియర్లు దాని మీద లేవు. లేత బూడిద రంగు సీ హారియర్‌ను ‘మే 1’ అని చూపిస్తే నమ్మకు.

మే 1 అంటే గుర్తొచ్చేది ఎక్స్‌జెడ్452 నంబరు సీ హారియర్. ఆ రోజు పైలట్ పాల్ బార్టన్ దాంట్లో వెళ్లి ఒక అర్జెంటీనా మిరాజ్ విమానాన్ని కూల్చాడు. సీ హారియర్‌కు అదే తొలి విజయం. పక్కన ఎక్స్‌జెడ్453లో స్టీవ్ థామస్ ఉన్నాడు. అయిదు రోజుల తర్వాత, మే 6న, దట్టమైన మబ్బులో ఆ రెండు విమానాలూ మాయమయ్యాయి. ఆ రోజు వాటిని నడిపిన జాన్ ఐటన్-జోన్స్, అలన్ కర్టిస్ తిరిగి రాలేదు. ఢీకొని ఉంటాయని అంచనా. ఈ నంబరున్న మోడల్ నీ చేతికొస్తే, ఆ యుద్ధపు రంగుల్లో అది పోరాడింది ఆ కొద్ది రోజులేనని గుర్తుంచుకుని పట్టుకో. యుద్ధానికి వెళ్లిన సీ హారియర్లు మొత్తం 28. పోయినవి ఆరు: రెండు నేలమీది నుంచి వచ్చిన కాల్పులకు, నాలుగు ప్రమాదాల్లో. గాలిలో జరిగిన పోరులో ఒక్కటీ పోలేదు. శత్రువువి సుమారు 20 కూల్చాయి.

నాజిళ్లను (ఇంజన్ గాలిని బయటికి చిమ్మే, తిప్పగల గొట్టాలను) గాలిలో తిప్పి శత్రువును బోల్తా కొట్టించడం వల్లే గెలిచారని కొందరు చెబుతుంటారు. ఆ యుద్ధంలో ఒక్క విమానాన్నీ అలా కూల్చలేదు. ఎదురుగా వచ్చే లక్ష్యాన్నైనా పట్టగల కొత్త ఏఐఎం-9ఎల్ సైడ్‌వైండర్, పైలట్ల శిక్షణ, ఇంధనం సరిపోక దీవుల మీద కొన్ని నిమిషాలకు మించి ఉండలేని అర్జెంటీనా విమానాలు, ఇవీ అసలు కారణాలు.

హారియర్ జీఆర్.3 వేరు. రాయల్ ఎయిర్ ఫోర్స్ 1వ స్క్వాడ్రన్‌వి అవి. ముక్కులో రాడార్ ఉండదు, లేజర్ ఉంటుంది. ముదురు ఆకుపచ్చ, బూడిద మచ్చల రంగు. బాంబులు వేయడమే వాటి పని, నాలుగు పోయాయి. తర్వాత వచ్చిన సీ హారియర్ రకం ఎఫ్ఏ.2 ముక్కు గుండ్రంగా, లావుగా ఉంటుంది. అది 1982లో లేనే లేదు. నీకు కావాల్సింది 1982 నాటి రకం ఎఫ్ఆర్ఎస్.1: ముక్కు సూదిగా, కాక్‌పిట్ ఎత్తుగా. స్కేలు సరిగ్గా ఉంటే పొడవు 201 మిల్లీమీటర్లు, రెక్కల వెడల్పు 107 రావాలి.

ఇక చేతికి వచ్చాక చూడాల్సినవి. ఒంటి భాగం, రెక్కలు జింక్ మిశ్రమం. నాజిళ్లు, మిసైళ్లు, చక్రాల కాళ్లు ప్లాస్టిక్. హారియర్ బరువు ముందు చక్రం, మధ్యలో ఉన్న ప్రధాన చక్రాల మీదే నిలుస్తుంది. రెక్క చివరి సన్నటి కాళ్లు పక్కకు ఒరగకుండా ఆనుతాయంతే. మోడల్‌ను ఒక పక్కకు నొక్కితే ఆ కాళ్లే ముందు వంగుతాయి. ఊడదీయగలిగితే వంగినదాన్ని పది సెకన్లు వేడి నీళ్లలో (మరిగే నీళ్లు వద్దు) ముంచి, వేళ్లతో నిటారుగా చేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టు. లేదంటే చక్రాలు మూసి స్టాండు మీద పెట్టడమే మేలు.

పైలాన్ల పిన్నులు కుడివి ఎడమకు పట్టవు. దూరకపోతే బలవంతంగా తోయకు. ప్లాస్టిక్ తెల్లబడిందంటే విరగబోతోందని అర్థం. పిన్నును బ్లేడుతో వెంట్రుకవాసి గీసి చూడు, రంధ్రాన్ని మాత్రం పెద్దది చేయకు. అంటించాల్సి వస్తే ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చుక్క చాలు, రేపు విప్పుకోవచ్చు. సూపర్ గ్లూ ఆవిరి కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది, అది తుడిస్తే పోదు.

నాలుగు నాజిళ్లూ ఒకే కోణంలో పెట్టు. అసలు విమానంలో అవన్నీ కలిసే తిరుగుతాయి. ముందు రెండింటి నుంచి చల్లటి గాలి, వెనక రెండింటి నుంచి వేడి వాయువు. స్టాండు మీద ఎగురుతున్నట్టు పెడితే నాజిళ్లు వెనక్కి, గాల్లో నిలిచినట్టైతే నేరుగా కిందికి. ముందు రెండు వెనక్కి, వెనక రెండు కిందికి చూస్తున్న మోడళ్లు ఎన్నో కనిపిస్తాయి. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

దుమ్ము మేకప్ బ్రష్‌తో తుడువు. శానిటైజర్, స్పిరిట్ దగ్గరికి రానీయకు, అచ్చు వేసిన గుర్తులు చెరిగిపోతాయి. అలమారాలో సిలికా జెల్ ఉంచు, ఎండ తగలనీయకు. పాతది కొంటే రెక్కల మొదళ్లలో సన్నటి పగుళ్లు, పొక్కులు ఉన్నాయేమో చూడు. మిశ్రమంలో సీసం కల్తీ ఉంటే, తేమ తగిలి లోహం లోపల్నుంచి ఉబ్బి పగులుతుంది. దానికి మరమ్మతు లేదు.

హెర్మీస్‌ను మన నౌకాదళం కొని 1987లో విరాట్‌గా చేర్చుకుంది. మన సీ హారియర్లు మొదట విక్రాంత్ మీద, తర్వాత దాని మీద ఎగిరి, 2016లో సెలవు తీసుకున్నాయి. విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో ఒకటి ఉంది. వెళ్లినప్పుడు గాలి పీల్చే మూతి చుట్టూ ఉన్న చిన్న తలుపుల్ని చూడు: ఇంజన్ ఆగి ఉంటే పైవి వాటి బరువుకే లోపలికి వాలి ఉంటాయి. ఎగురుతున్నట్టు పెట్టే మోడల్‌లో అవి మూసుకుని ఉండాలి. స్టాండు మీద పెడతావో, చక్రాల మీద పెడతావో దీన్ని బట్టి కూడా తేల్చుకో.

మొదటి మోడల్ అమ్మేవాళ్లను ముందు ఈ ఫోటోలు అడుగు: అడుగుభాగం మొత్తం, రెక్క చివరి రెండు కాళ్లు దగ్గరగా, విడిభాగాల సంచిలో మిసైళ్లు, ట్యాంకులు ఎన్నున్నాయో. ఇవి పంపకపోతే డబ్బు కట్టకు.

ఆశీస్సులతో,
నాన్న