ధ్యాసను అడగని దరఖాస్తు: రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా కమిషనర్ గారికి,

లెర్నర్ లైసెన్సు కోసం నింపే ఫారం-1లో మూర్ఛ ఉందా, 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలరా అని అడుగుతారు గానీ, ఏకాగ్రత లోపం గురించి విడిగా ఒక్క మాటా లేదు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలకడగా ఉండని సమస్య) ఉన్న మా అబ్బాయి చూపు నిక్షేపంగా ఉంది. అయినా మొన్న స్కూటరు నడుపుతూ, పక్కనున్న ఫ్లెక్సీ మీదికి ధ్యాస మళ్లి, ముందు ఆటో బ్రేకు లైటు వెలగడం గమనించనే లేదు. వెనక కూర్చున్న నేను భుజం చరిచాకే ఆపాడు.

స్వీడన్‌లో ఈ సమస్య ఉన్న 17 వేల మందికి పైగా పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మందు వాడుతున్న కాలంలో పురుషులకు తీవ్ర రోడ్డు ప్రమాదాల ముప్పు 58 శాతం తక్కువగా కనిపించింది. అందుకే వీరికి లైసెన్సు నిరాకరించమని కోరడం లేదు (అలా చేస్తే నిజం దాచడమే నేర్పినవారమవుతాం). ఫారం కేంద్రానిదని తెలుసు. కనీసం లెర్నర్లకిచ్చే అవగాహన పాఠంలోనైనా ఏకాగ్రత లోపం గురించి చేర్పించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక తండ్రి