బొబ్బిలి స్తంభం దగ్గర ఒక బోర్డు కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బొబ్బిలిలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్పి రిటైరైన టీచర్ని. మా ఊరి యుద్ధ స్తంభం దగ్గర ఒక బోర్డు పెట్టించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. లైటింగ్, పార్కు, సెల్ఫీ పాయింటు నేను అడగడం లేదు. వాటిని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను అడిగేది 1757 జనవరి 24న కోటలో చనిపోయిన ఆడవాళ్ళ గురించి. అందులో ఏం రాయాలో కూడా కింద రాశాను. మామూలుగా రాసే మాటలే మళ్ళీ రాసేటట్టయితే బోర్డు లేకపోవడమే నయం.

కథ మీకు తెలిసిందే. ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని వెంట విజయనగరం పూసపాటి విజయరామరాజు, ఎదురుగా బొబ్బిలి కోట. రాజా రంగారావు లొంగలేదు. ఫిరంగుల ముందు కోట నిలవదని తేలిపోయాక లోపల ఇళ్ళకు నిప్పు పెట్టి, ఆడవాళ్ళను, పిల్లలను సొంత మనుషులే చంపేశారు. తర్వాత మగవాళ్ళు కడదాకా పోరాడి చచ్చిపోయారు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు ఆలస్యంగా చేరుకుని, రాత్రి డేరాలో దూరి విజయరామరాజును చంపాడని జంగాలు పాడారు. బుర్రకథలోనైనా, సినిమాలోనైనా వరస ఇదే. మొదటి భాగం, చివరి భాగం తెల్లవార్లూ సాగుతాయి. మధ్యలో ఆడవాళ్ళ చావు మాత్రం చిటికెలో అయిపోతుంది. రాణి మల్లమ్మదేవి పేరొకటి వినపడుతుంది. మిగతావాళ్ళకి ఆ పేరు కూడా లేదు.

స్కూల్లో వార్షికోత్సవానికి ఈ నాటకం నేను కూడా వేయించాను. అబ్బాయిలకి మీసాలు, అట్టకత్తులు, పేజీలకు పేజీలు డైలాగులు. అమ్మాయిలకి ఒక కేక, ఆ తర్వాత కింద పడిపోవడం. రిహార్సల్స్‌లో వాళ్ళు నేర్చుకునేది ఎలా పడాలన్నదే. చీర కుచ్చిళ్ళు చెదరకుండా పడమని చెప్పేవాళ్ళం. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టేవారు. పదమూడేళ్ళ పిల్లకి మేం స్టేజీ మీద నేర్పించింది ఒకటే: శత్రువు చెయ్యి పడేలోపు చచ్చిపోతే నీకు దండ పడుతుంది. చెయ్యి పడ్డాక కూడా బతికితే నీకేం జరుగుతుందో నాటకంలో లేదు. మన కథల్లో ఎక్కడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే మంత్రి గారూ. యుద్ధంలో ఆడవాళ్ళ మీద జరిగే అత్యాచారాన్ని మనం చచ్చిపోయినవాళ్ళ వైపు నుంచే గుర్తుపెట్టుకుంటాం. బతికి బయటపడినవాళ్ళకి మన జ్ఞాపకంలో చోటివ్వం.

రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఈ యుద్ధం గురించి ఆ కాలంలోనే రాశాడు. ఆ మారణకాండ అంతా రాసి, ఒక చిన్న సంగతి కూడా చెప్పాడు. కోటలోంచి ఒక ముసలాయన రంగారావు కొడుకుని, చిన్న పిల్లవాడిని, బయటికి తెచ్చి ఫ్రెంచి పక్షం అధికారి ముందు నిలబెట్టాడట. అంటే ఆ పిల్లవాడు వెళ్ళింది శత్రువు చేతికే. అతను బతికాడు, కాలక్రమంలో సంస్థానం మళ్ళీ నిలబడింది. 1891లో ఈ స్తంభం కట్టించింది కూడా ఆ సంస్థానమే. ఆ పిల్లవాడు బతకడం తప్పని ఈ రెండున్నర శతాబ్దాల్లో ఒక్కరూ అనలేదు. అదృష్టం అన్నారు, దైవకృప అన్నారు. అదే ముసలాయన ఆ పూట ఒక ఆడపిల్లని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి ఉంటే ఆవిడ గురించి ఏం పాడేవారు?

భయం అబద్ధమని నేననడం లేదు. కోట పడితే లోపలి ఆడవాళ్ళకి ఏమవుతుందో అప్పటివాళ్ళకి బాగా తెలుసు. ఆ మంటల మధ్య నిలబడిన మగవాళ్ళ మీద ఇవాళ ఫ్యాను కింద కూర్చుని తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. వాళ్ళ సంగతి వదిలేద్దాం. నా గొడవ మనతో. ఆ పనిని ఇవాళ కూడా స్త్రీల గొప్పతనం కింద లెక్కేసి, పిల్లల చేత ఆడించి చప్పట్లు కొట్టే మనతో.

బతికినవాళ్ళని గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో పక్క దేశం చూస్తే తెలుస్తుంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం, దాని వంత పాడినవాళ్ళు చెరిచిన స్త్రీలు 2 లక్షలకు పైనే అని బంగ్లాదేశ్ చెప్తుంది. యుద్ధం ముగిసీ ముగియగానే ముజీబుర్ రహ్మాన్ ప్రభుత్వం వాళ్ళకి 'బీరాంగన', అంటే వీరనారి, అని బిరుదిచ్చింది. పునరావాస కేంద్రాలు తెరిచింది. పెళ్ళిళ్ళు చేయిస్తామంది. ప్రభుత్వం అంత మాట అనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ చాలామందిని ఇళ్ళకి రానివ్వలేదు. వచ్చినవాళ్ళు నోరు విప్పలేదు. స్వాతంత్ర్య సమరయోధులుగా వాళ్ళని గుర్తించి, పెన్షన్‌కి అర్హులని చెప్పడం మొదలుపెట్టింది 2015లో. నలభై నాలుగేళ్ళు! శిల్పి ఫిర్దౌసీ ప్రియభాషిణి లాంటి ఒకరిద్దరు ధైర్యంగా బయటికొచ్చి, నాకు జరిగింది ఇదీ అని తమ పేరుతో చెప్పాకే మిగతావాళ్ళకి దారి కాస్త కనపడింది. ఆవిడ 2018లో చనిపోయారు.

కొరియాలో ఇంకా ఆలస్యం. జపాన్ సైన్యం తన సైనికుల కోసం ఆడవాళ్ళని బలవంతంగా ఉంచి, 'కంఫర్ట్ స్టేషన్' అని పేరు పెట్టి నడిపిన చోట్లకి తనను పదిహేడేళ్ళ వయసులో లాక్కెళ్ళారని కిమ్ హాక్ సున్ అనే ఆవిడ తన పేరు, ముఖం దాచుకోకుండా చెప్పింది 1991 ఆగస్టు 14న. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి నలభై ఆరేళ్ళు. మరుసటి సంవత్సరం జనవరి నుంచి సియోల్‌లో జపాన్ ఎంబసీ ముందు ప్రతి బుధవారం ఆ ముసలమ్మలు నిలబడటం మొదలుపెట్టారు. వెయ్యో బుధవారం, 2011 డిసెంబరులో, అక్కడ ఒక కంచు విగ్రహం పెట్టారు. కుర్చీలో కూర్చున్న అమ్మాయి, పక్కన ఖాళీ కుర్చీ. ఆ అమ్మాయి చేతిలో కత్తి లేదు, చుట్టూ మంటలు లేవు. ఎంబసీ వైపు చూస్తూ కూర్చుంటుంది, అంతే. ఆ మామూలు విగ్రహాన్ని చూసి ఒక ప్రభుత్వానికి ఎంత టెన్షనంటే, 2015లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందంలో దాన్ని అక్కడినుంచి తీసే సంగతి కూడా వచ్చింది.

ఎక్కడో కొరియా గొడవ మనకెందుకు అంటారేమో. ఆ స్టేషన్లు మనవాళ్ళు తిరిగిన చోట్ల కూడా ఉన్నాయి. ఇవాళ శ్రీకాకుళం జిల్లా నుంచి వేటకి, కూలికి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అండమాన్లో వేలల్లో ఉన్నారు. ఆ పోర్ట్ బ్లెయిర్‌ని జపాన్ సైన్యం 1942 మార్చి నుంచి యుద్ధం ముగిసేదాకా పట్టుకుని ఉంది. అక్కడికీ ఆడవాళ్ళని తెచ్చి ఉంచారు. ఇక బర్మా సంగతి మన జిల్లాల్లో చెప్పక్కర్లేదు. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళని ఊరు ఉత్తరాంధ్రలో తక్కువ. అదే బర్మాలోని మిచీనాలో 1944 ఆగస్టులో ఇరవై మంది కొరియా అమ్మాయిలు మిత్రసేనలకి దొరికితే అమెరికా సైన్యం వాళ్ళని ప్రశ్నించి ఒక రిపోర్టు రాసుకుంది.

1942లో రంగూన్ పడిపోయినప్పుడు నడిచి వచ్చిన మనవాళ్ళ కథలు మా తరానికి తెలుసు. అరకాన్ కొండలు, ఇంఫాల్ దారి, కలరా, దారి పక్కన వదిలేసిన పిల్లలు. చెప్పేవాళ్ళు తాతలు. మామ్మలు వంటింట్లో ఉండేవారు. మా ఇంట్లో ఆ దారిన నడిచి వచ్చిన మామ్మ ఉండేది. దారి గురించి అడిగితే, "ఏటుంది చెప్పడానికి, నడిచొచ్చేం" అని లేచి వెళ్ళిపోయేది. ఆవిడకి ఏదో జరిగిందని నేననడం లేదు. ఆ నడకలో ఆడవాళ్ళు ఏం చూశారో, దేనికి భయపడ్డారో అడిగే అలవాటు మనకి లేదు అంటున్నాను, అంతే. అప్పటి చిన్నపిల్లల్లో ఒకరో ఇద్దరో ఇంకా ఉండి ఉంటారు. వాళ్ళ వయసు ఇప్పుడు తొంభై దరిదాపు. మీ శాఖ తల్చుకుంటే ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీ పిల్లల్ని పంపి వాళ్ళ మాటలు రికార్డు చేయించొచ్చు.

కాకపోతే దీనికి పద్ధతి ఉండాలి. 1992లో ఢాకాలో యుద్ధ నేరస్తుల మీద ప్రజాకోర్టు పెట్టినప్పుడు కుష్టియా ప్రాంతం నుంచి ముగ్గురు స్త్రీలని తీసుకొచ్చారు. వాళ్ళ ఫోటోలు పేపర్లలో పడ్డాయి. ఉద్యమం వాళ్ళకి అది గెలుపు. ఆ ముగ్గురికి మాత్రం ఊళ్ళో మొహం చూపించుకోలేని పరిస్థితి వచ్చింది. అందుకని ఆడవాళ్ళే వెళ్ళి అడగాలి. పేరు చెప్పాలా వద్దా, రికార్డు ఎప్పుడు బయట పెట్టాలి అన్నది ఆ ముసలావిడ ఇష్టం. వద్దంటే చెరిపేయాలి. కెమెరా తీసుకుని యూట్యూబు వాళ్ళు వెంటపడకూడదు.

ఇంకో మాట చెప్పకుండా దాటిపోతే నేను మీతో నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. జి.మాడుగుల మండలం వాకపల్లిలో 2007 ఆగస్టు 20న గాలింపుకి వచ్చిన పోలీసులు తమని చెరిచారని పదకొండు మంది కోదు గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులని నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని కూడా ఆ కోర్టే అంది, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. తీర్పుని నేను తిరగరాయలేను. కానీ ఆ పదకొండు మంది ఆ రోజు చచ్చిపోలేదు. అదే కొండల్లో బతుకుతూ, అదే మాట మీద నిలబడి పదహారేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. బొబ్బిలి కథ పాడుకునే మన ప్రాంతంలో వాళ్ళకి దొరికింది అనుమానం, వాళ్ళ వెనక గుసగుసలు.

ఇక బోర్డు. నేను రాసుకున్న వాక్యాలు ఇవి:

"1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోతున్న వేళ, శత్రు సైనికులు చెరుస్తారన్న భయంతో లోపలి స్త్రీలను, పిల్లలను సొంత మనుషులే చంపారు. వారి అభిప్రాయం ఎవరైనా అడిగారో లేదో చరిత్రలో నమోదు కాలేదు. ఒకరిద్దరివి తప్ప వారి పేర్లు మనకు తెలియవు. యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీ పరువు పోదు, అది చేసినవాడిదే నేరం. చనిపోయినవారితో పాటు బతికినవారిని కూడా ఈ ఊరు గౌరవిస్తుంది."

భాష మార్చుకోండి, పొట్టి చేసుకోండి, అభ్యంతరం లేదు. 'సొంత మనుషులే చంపారు' అన్న మాట, చివరి రెండు వాక్యాలు మాత్రం ఉంచండి. కమిటీ వేస్తే ముందు ఎగిరిపోయేవి అవే అని నాకు తెలుసు. మనోభావాలు దెబ్బతింటాయంటారు. ఏ వంశాన్నీ, ఏ కులాన్నీ తక్కువ చేసే మాట ఇందులో లేదు. రంగారావు తెగువ, పాపారాయుడి పౌరుషం ఎక్కడికీ పోవు, వాటికి స్తంభమే ఉంది. విజయనగరం వైపు వాళ్ళని తిట్టడం కూడా కాదు. ఆ పాత పగలు తీరిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు రెండు ఊళ్ళూ ఒకే జిల్లా.

బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాలతో, పిల్లలు నిలబడి చదువుకునే ఎత్తులో ఉండాలి. స్టీలు ఫలకం అయితే ఎండకి వెలిసిపోదు. ఖర్చు మీ శాఖకి భారమైతే మా పాత విద్యార్థులు చందాలు వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. మాకు కావాల్సింది అనుమతి. వచ్చే జనవరి 24 లోపు కలెక్టరు గారి ద్వారా కబురు చేస్తే, ఈసారి స్కూలు నాటకంలో ఆ ముసలాయన ఒక ఆడపిల్లని కూడా బయటికి తెచ్చేలా సీను మార్చి రాసిస్తానని ఇప్పుడున్న టీచర్లకి చెప్పి ఉంచాను. వాళ్ళు భయపడుతున్నారు. పైనుంచి ఒక మాట ఉంటే వేస్తామంటున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా