ముందు ఆ ప్రశ్నాపత్రం పక్కన పెట్టరా

విశాఖపట్నం

ఒరేయ్ సూరీ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. సెమిస్టర్ చివరి వారాలంటే నీకు తెలియనిదేముంది. ఇంట్లో అందరూ కులాసా. ఉక్కపోత, మద్దిలపాలెం ట్రాఫిక్ ఎప్పటిలాగే. నీ నల్ల సంచీ ఇంకా మా అటక మీదే భద్రంగా ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఇక అసలు సంగతికొస్తా.

ఫస్టియర్ పిల్లలందరికీ భావోద్వేగ ప్రజ్ఞ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) మీద ప్రశ్నాపత్రం పంచి, మార్కులు తక్కువొచ్చినవాళ్లకి క్లాసులు పెడతానని రాశావు చూడు, అది చదివిన దగ్గర్నుంచీ మనసు ఆగట్లేదు. వద్దురా. "ఎదుటివాళ్ల మనసు ఇట్టే పసిగడతాను, అవునా కాదా" అని అడిగితే ఏం రాస్తారు చెప్పు? మొహం చూసి పోల్చుకోవడం రానివాడికి, తనకది రాదన్న సంగతి మాత్రం ఎలా తెలుస్తుంది? వాడు నిండా మార్కులేసుకుంటాడు. నిజంగా గమనించే పిల్ల ఆలోచించి రెండు తగ్గించుకుంటుంది. చివరికి నీ క్లాసులో కూర్చునేది ఆ పిల్లే.

మనస్తత్వ శాస్త్రవేత్తలు సాలొవే, మేయర్ 1990లో ఈ ప్రజ్ఞని స్వభావమని కాదు, సామర్థ్యమనే అన్నారు. 1997లో నాలుగు పాళ్లు చేశారు: భావాన్ని గుర్తుపట్టడం, ఆలోచనకి వాడుకోవడం, అర్థం చేసుకోవడం, సంబాళించుకోవడం. 2020లో మెక్‌కాన్ బృందం 158 అధ్యయనాల్ని, 42 వేలమందికి పైగా విద్యార్థుల లెక్కల్ని ఒకచోట చేర్చింది. పరీక్ష పెట్టి కొలిచిన సామర్థ్యానికీ చదువులో మార్కులకీ సంబంధం (అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అనుకో) 0.24 ఉంటే, ఎవరికి వాళ్లు వేసుకున్న మార్కులతో 0.12. సరిగ్గా సగం! పైగా చివరి రెండు పాళ్లకే బలం ఎక్కువ. మనవాళ్లు మాత్రం మొహాల బొమ్మలు చూపించి "ఇది కోపం, ఇది సంతోషం" దగ్గరే ఆగిపోతారు.

అర్థం చేసుకోవడమంటే ఏంటో చూడు. ఒకే గదిలో నలుగురు. ముగ్గురికి ఆఫర్ లెటర్లొచ్చాయి. నాలుగోవాడు మెస్సులో పప్పన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని, కంచం పట్టుకుని లేచిపోతాడు. ఏమైందిరా అంటే "చిరాగ్గా ఉంది" అంటాడు. ఆ చిరాకు అడుగున ఏముందన్నదాన్ని బట్టి చెయ్యాల్సిన పని మారిపోతుంది. అసూయ అయితే, ఏ రౌండ్‌లో పోయిందో చూసుకుని ఆ ముగ్గురిలో ఒకడితోనే మాక్ ఇంటర్వ్యూ చేయించుకోవాలి. సిగ్గయితే ఇంటికి ఫోన్ చెయ్యడం మానేస్తాడు, ముందు ఆ ఫోన్ చేయించాలి. భయమైతే ఇంకా రావాల్సిన కంపెనీల తేదీలు చేతికివ్వాలి. అన్యాయం జరిగిందన్న కోపమైతే ప్లేస్‌మెంట్ ఆఫీసుకెళ్లి నిబంధనలు చూపించమనాలి. మనం నాలుగింటికీ కలిపి "లైట్ తీస్కో మావా" అనేస్తాం, వాడు ఇంకో మాట మాట్లాడడు.

కాబట్టి ఇలా చెయ్యి. బెంచీలు తీయించి కుర్చీలు గుండ్రంగా వేయించు. 12 మంది, మహా అయితే 15. సీనియర్లనీ జూనియర్లనీ కలపకు. వార్డెన్ గుమ్మం దగ్గర నిలబడినా చాలు, ఒక్కడూ నోరు విప్పడు. 50 నిమిషాలు పెట్టుకో. గోడకి ఒక చార్టు, దానిమీద ప్లస్ గుర్తులా రెండు గీతలు: ఎడమ నుంచి కుడికి బాగోలేదు–బాగుంది, కింద నుంచి పైకి నీరసం–ఊపు. యేల్ యూనివర్సిటీలో మార్క్ బ్రాకెట్ వాళ్లు వాడే పటమే ఇది. తలా ఒక స్టిక్కర్ బొట్టు ఇచ్చి, నువ్వు కిటికీ వైపు తిరిగి నిలబడు. ఒక్కొక్కరే వచ్చి, ఇప్పుడు తమకెలా ఉందో ఆ చోట అంటించి వెళ్లాలి, పేర్లుండవు. మొదట్లో బొట్లన్నీ మధ్యలోనే గుంపు కడితే కంగారు పడకు, ఇంకా నమ్మకం కుదరలేదంతే.

తర్వాత జంటలు. ఒకరు మూడు నిమిషాలు చెప్పాలి, రెండోవాళ్లు వినాలి. సలహా ఇవ్వకూడదు. ఇక్కడే అంతా చెడుతుంది, అర నిమిషానికే "నువ్వొక పని చెయ్" అని మొదలెడతారు. నువ్వు కూడా "ఎందుకలా అనిపించింది" అనకు, సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది" అని అడుగు. పేరు పెట్టి చెప్పడం వృథా కాదురా. 2007లో లాస్ ఏంజెలెస్‌లో లీబర్‌మన్ వాళ్లు, భావానికి పేరు పెడుతున్నప్పుడు అమిగ్డలా (మెదడులో భయం లాంటి భావాలకి స్పందించే భాగం) స్పందన తగ్గడం స్కాన్‌లోనే చూశారు.

చివర మూడు గడుల కాగితం: జరిగింది, నేననుకున్నది, ఇంకేం కావచ్చు. మొదటి గడిలో కెమెరాకి చిక్కేదే రాయాలి. "సార్ నన్ను అవమానించారు" అని అక్కడ రాస్తారు, అది రెండో గడిది. "నా రికార్డు తెరవకుండా పక్కన పెట్టారు", ఇదీ మొదటిది. మూడో గడిలో "అంతా మన మంచికే" ఒప్పుకోకు, వెళ్లి అడిగి తేల్చుకోగలిగేదే రాయించు. చేతులు వణుకుతున్నవాడికి మాత్రం కాగితం ఇవ్వకు. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి ఆరు లెక్కపెట్టేదాకా వదలడం, రెండు మూడు నిమిషాలు, అప్పుడు మాట.

దిగమింగుకోమని మాత్రం ఎవరికీ చెప్పకు. రిచర్డ్స్, గ్రాస్ అనే పరిశోధకులు 2000లోనే చూపించారు, భావం మొహంలో కనపడనీయకుండా బిగపట్టుకున్నవాళ్లకి ఆ సమయంలో విన్న వివరాలు తక్కువ గుర్తుంటాయని. వైవాలో బిగుసుకుపోయిన పిల్ల "ప్రశ్న మళ్లీ చెప్పండి సార్" అంటే చదవలేదనుకుంటాం. ఎంత అన్యాయం!

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. ఈ క్లాసు చికిత్స కాదు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా వస్తే చార్టూ గీతలూ ఆపేసి, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడుగు. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకు, రహస్యంగా ఉంచుతానని మాటివ్వకు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. 100 మంది, ఆపైన పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా మన విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులోనే. పదిహేడేళ్లు సూరీ. మీ ప్రిన్సిపాల్‌కి ఆ తీర్పు చూపించు, కౌన్సెలర్‌ని వేశాకే క్లాసు మొదలెట్టు.

ఫలితాలొచ్చే రోజు ఏం చెయ్యాలో కూడా రాద్దామనుకున్నా, అది వేరే కథ... పిల్లలొచ్చేశారు, గది తాళం నా దగ్గరే ఉంది. బొట్లు అన్నీ ఒకే రంగువి, ఒకే సైజువి కొను, లేకపోతే ఎవరిది ఏదో కనిపెట్టేస్తారు. ఉంటా.

నీ
రాంబాబు